విడిపోయిన భార్యాభర్తలు మళ్లీ కలవాలంటే

ఎవరో ఒకరు పండక్కి ఈద్ ముబారక్ అని మెసేజ్ పెట్టారు. రెండోవాళ్లు జవాబిచ్చారు. ఆ మాట పిల్లాడి స్కూలు ఫీజు మీదుగా నడిచి పాత ఫొటోల దాకా వచ్చింది. బెజవాడ వన్ టౌన్‌లో అయినా, గుంటూరు ఆనందపేటలో అయినా, విడిపోయిన జంట మళ్లీ దగ్గరవడం సాధారణంగా ఇలాగే మొదలవుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. కొందరు నిఖా అక్కర్లేని చోట మళ్లీ నిఖా చేసుకుంటారు. కొందరు నిఖా తప్పనిసరైన చోట అది లేకుండానే సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోతారు. ఇంకొందరు ఈ రెండూ సరిగ్గానే చేసి, మొదటిసారి ఎందుకు విడిపోయారో మాట్లాడుకోవడం మాత్రం మరిచిపోతారు.

కాబట్టి ఖాజీకి ఫోన్ చేసే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి.

ముందు ఏం తెగిందో తేల్చుకోండి

కాగితం మీద రాయాల్సినవి ఇవి. తలాఖ్ అన్న మాట ఎవరన్నారు, ఏ తేదీన, ఎన్నిసార్లు, ఏ భాషలో, అచ్చంగా ఏ మాటల్లో. నోటితోనా, స్టాంపు కాగితం మీదా, వాట్సాప్‌లోనా. ఆ రోజు భార్య నెలసరిలో ఉందా, గర్భంతో ఉందా. ఆ తర్వాత ఎన్ని నెలసరులు వచ్చిపోయాయి. ఖులా (భార్య అడిగి తీసుకునే విడాకులు) అయితే దాని కాగితం, కోర్టు డిక్రీ అయితే దాని నకలు. ఇక చివరిది, అందరూ వదిలేసేది: ఇంతకుముందు ఎప్పుడైనా, అయిదేళ్ల కిందటైనా సరే, కోపంలో ఒకసారి తలాఖ్ అని తర్వాత సర్దుకుపోయారా? అదీ లెక్కలోకి వస్తుంది.

ఇద్దరూ విడివిడిగా రాసి తర్వాత పోల్చి చూడండి. భర్త ఒకసారన్నానంటాడు, భార్య రెండుసార్లు విన్నానంటుంది. ఆ తేడా ఇప్పుడే బయటపడితే మంచిది. మీరిచ్చే వివరం ఎంత నిజమో ముఫ్తీ (మత ధర్మం చెప్పే పండితుడు) ఇచ్చే ఫత్వా అంతే నిజం. సగం దాచి అడిగితే సగం జవాబే వస్తుంది.

ఆ కాగితాన్ని బట్టి మీ పరిస్థితి కింది వాటిలో ఒకటై ఉంటుంది.

తలాఖ్ అనే మాటే రాలేదు, గొడవపడి ఆమె పుట్టింట్లో ఉండిపోయింది, రెండు మూడేళ్లు గడిచాయి. అయినా నిఖా అలాగే ఉంది. ఇన్ని నెలలు దూరంగా ఉంటే నిఖా దానంతటదే తెగిపోతుందని చుట్టాల్లో ఎవరో ఒక పెద్దావిడ చెబుతూనే ఉంటుంది. అది నిజం కాదు. మళ్లీ నిఖా అక్కర్లేదు, కలిసి ఇంటికెళ్లడమే. అయినా కింద, మాట్లాడుకోవడం గురించి రాసిన భాగం మీకూ వర్తిస్తుంది. కాగితం తెగకపోయినా మనసు తెగింది కదా.

భర్త ఒకసారో రెండుసార్లో తలాఖ్ చెప్పాడు, ఇద్దత్ (తలాఖ్ తర్వాత భార్య ఆగాల్సిన గడువు) ఇంకా నడుస్తోంది. దీన్ని తలాఖే రజ్ఈ అంటారు, అంటే వెనక్కి తీసుకోగలిగినది. భర్త "నా తలాఖ్ వెనక్కి తీసుకున్నాను, నిన్ను నా నిఖాలోనే ఉంచుకున్నాను" అంటే రుజూ అయిపోతుంది. ఖాజీ రానక్కర్లేదు, కొత్త మహర్ (నిఖాలో భర్త భార్యకి ఇచ్చే సొమ్ము) లేదు. ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ ఫిఖ్ ప్రకారం ఇద్దరూ దాంపత్యంగా దగ్గరైనా రుజూ అయినట్టే. కానీ మా మాట విని నోటితోనే, ఇద్దరు సాక్షుల ముందు చెప్పండి. తేదీ వేసి, భార్య, భర్త, ఇద్దరు సాక్షులు కలిపి నాలుగు సంతకాలతో ఒక కాగితం రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఎవరో మామూ వచ్చి అప్పటికే ఇద్దత్ అయిపోయిందంటే, అప్పుడు మాట్లాడేది ఆ కాగితమే.

భర్తలకో మాట. రుజూ మీ హక్కని మౌల్వీ సాబ్ చెప్పి ఉండొచ్చు. ఆ హక్కు ఇచ్చిన ఆయత్‌లోనే (2:228, అంటే ఖురాన్ రెండో అధ్యాయం 228వ వాక్యం) సరిదిద్దుకునే ఉద్దేశం ఉంటేనే అన్న షరతు ఉంది. వేధించడానికి పట్టి ఉంచొద్దని 2:231 నేరుగా చెబుతుంది. ఆమె ఇష్టం కనుక్కోకుండా సాక్షుల్ని పోగేసుకుని రుజూ చెప్పడం కలవడం కిందికి రాదు.

ఇద్దత్ లెక్కలో ఎక్కువమంది తప్పు చేస్తారు. మూడు నెలలు కాదు, మూడు నెలసరులు. శుద్ధిగా ఉన్నప్పుడు తలాఖ్ చెబితే ఆ తర్వాత వచ్చే మూడో నెలసరి ముగిసేదాకా. నెలసరిలో ఉండగా చెబితే, అలా చెప్పడం పాపమే అయినా తలాఖ్ పడుతుందని హనఫీలు అంటారు, ఆ నెలసరి మాత్రం లెక్కకు రాదు. నెలసరి ఆగిపోయిన వాళ్లకి మూడు చాంద్రమాన నెలలు. గర్భిణికి ప్రసవం దాకా, అది వారమైనా ఎనిమిది నెలలైనా. లెక్క చెప్పాల్సింది ఆవిడే, క్యాలెండరు కాదు, అత్తగారు అసలే కాదు.

ఇంకో తప్పు మనవైపు దాదాపు ఆచారమైపోయింది. తలాఖ్ అన్న మాట వినగానే అన్నదమ్ములు కారేసుకుని వచ్చి ఆడపిల్లని తీసుకెళ్లిపోతారు. రజ్ఈ తలాఖ్‌లో ఇద్దత్ అంతా ఆమె ఆ ఇంట్లోనే ఉండాలని ఖురాన్ (65:1) చెబుతుంది. ఆ తర్వాత అల్లా ఏదైనా కొత్త పరిస్థితి కల్పించవచ్చు అన్న మాట కూడా ఆ ఆయత్‌లోనే ఉంది. ఒకే ఇంట్లో, ఒకే వంటింటి చుట్టూ తిరిగే మనుషులకి మాట కలిసే అవకాశం ఎక్కువ. కొట్టే మనిషైతే మాత్రం ఈ పేరా మీకు కాదు. అక్కడి నుంచి ముందు బయటపడండి, 181కో 112కో ఫోన్ చేయండి.

ఒకటో రెండో తలాఖ్‌ల తర్వాత ఇద్దత్ అయిపోయింది, రుజూ జరగలేదు. అప్పుడు ఇద్దరూ ఒకరికొకరు పరాయివాళ్లు. మళ్లీ కలవాలంటే కొత్త నిఖా, కొత్త మహర్, ఇద్దరి ఒప్పుదల కావాలి. మధ్యలో వేరే పెళ్లి ఏదీ అక్కర్లేదు. చాలామంది భయపడేది ఇక్కడే, అనవసరంగా. ఖులా అయినా ఇదే దారి. హనఫీల దృష్టిలో ఖులా ఒక బాయిన్ తలాఖ్, దాంట్లో రుజూ ఉండదు. కానీ ఆ ఇద్దరే మళ్లీ పెళ్లాడాలనుకుంటే ఇద్దత్ ముగిసేదాకా ఆగక్కర్లేదు, ఇద్దత్‌లోనే నిఖా చేసుకోవచ్చు. నిఖా అయ్యి రుక్సతీ (ఆడపిల్లని అత్తారింటికి పంపడం) కాకుండా, ఇద్దరూ ఏకాంతంగా కలవకుండా విడిపోయిన వాళ్లకి అసలు ఇద్దత్తే లేదు (33:49). వాళ్లకీ కొత్త నిఖాయే. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద భార్య కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకుని ఉంటే, డిక్రీ నకలు ముఫ్తీకి చూపించి, ఆయన చెప్పాక నిఖా పెట్టుకోండి.

రుజూ అయినా కొత్త నిఖా అయినా తలాఖ్‌ల లెక్క సున్నాకి తిరగదు, ఉన్నవి మొత్తం మూడే. ఒకటి వాడేసి ఉంటే మిగిలినవి రెండే, రెండు వాడేసి ఉంటే ఒకటే.

మూడుసార్లు అన్నవాళ్ల సంగతి

ఇది పెద్ద చిక్కు కాబట్టి కొంచెం ఆగి చదవండి. ఒకే ఊపిరిలో మూడు తలాఖ్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో మూడు–రెండు మెజారిటీతో తేల్చింది. 2019 చట్టం ప్రకారం నోటితో అన్నా, రాసినా, ఫోన్లో పంపినా అది చెల్లదు, నేరం కూడా. మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో మీరిప్పటికీ భార్యాభర్తలే. భార్య కేసు పెట్టి ఉండి ఇప్పుడు కలవాలనుకుంటే, ఆమె కోరిక మీద మేజిస్ట్రేట్ అనుమతితో రాజీ చేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆ కోరిక భర్త తరఫు వాళ్లది కాదు, ఆమెదై ఉండాలి.

దీన్‌ (మతం) దృష్టిలో లెక్క వేరు. హనఫీ ముఫ్తీలు మూడు అంటే మూడే అంటారు, అంటే రుజూ గానీ నేరుగా మళ్లీ నిఖా గానీ కుదరదు. అహ్లె హదీస్ అనే మరో వర్గం ఉలమా (పండితులు) ఒకే సిట్టింగ్‌లో అన్న మూడింటినీ ఒకటిగా లెక్కిస్తారు. మీరు మొదటి నుంచి నమాజుకీ, జకాతుకీ ఎవరి మాట వింటున్నారో ఇక్కడా వాళ్ల దగ్గరికే వెళ్లండి. ఇద్దరూ కలిసి, ఆ తెల్లకాగితంతో వెళ్లండి. నచ్చిన జవాబు దొరికేదాకా తారాపేట నుంచి దేవ్‌బంద్ దాకా ఫోన్లు తిప్పేవాళ్లకి చివరికి మిగిలేది అనుమానమే, పెళ్లయ్యాక అది పడగ్గదిలోకీ వస్తుంది.

ఇక హలాలా, అంటే మూడు తలాఖ్‌లు పడ్డాక మొదటి భర్తని మళ్లీ పెళ్లాడే వీలు కోసం మధ్యలో వేరే మనిషితో చేయించే పెళ్లి. ఎవరైనా "ఒక్క రాత్రి పని, మనిషిని మేం చూస్తాం" అంటే అక్కడి నుంచి లేచి రండి. మొదటి భర్తకి తిరిగి హలాల్ చేయడం కోసమే ముందే మాట్లాడుకుని చేసే నిఖా చేసేవాణ్ణీ, చేయించుకునేవాణ్ణీ ఇద్దర్నీ ప్రవక్త (స) శపించారని హదీసు ఉంది. 2:230 చెప్పేది మామూలు జీవితం గురించి. ఆమె వేరే మనిషిని నిజంగా పెళ్లాడి, కాపురం చేసి, అతను చనిపోయినా, విడిపోయినా అప్పుడు మొదటి భర్తని పెళ్లాడవచ్చని. దానికి ఏర్పాట్లు చేసే ఏజెంట్లు అందులో లేరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు తలాఖ్‌కి సరైన కారణం ఉండాలనీ, దానికి ముందు రెండు వైపుల నుంచీ ఒక్కో మధ్యవర్తితో రాజీ ప్రయత్నం జరగాలనీ చెప్పింది. ఫలానా రోజున తలాఖ్ ఇచ్చేశానని కోర్టు కాగితంలో రాసుకుంటే సరిపోదు. కాబట్టి లాయరుకి కూడా ఆ తెల్లకాగితమే చూపించండి. మీరు తెగిపోయిందనుకుంటున్నది చట్టంలో తెగలేదేమో.

మాట్లాడుకోవడం: ఎక్కడ, ఎవరి మధ్య, ఏం

కొత్త నిఖా అవసరమైన వాళ్లు అది అయ్యేదాకా పరాయివాళ్లు, నామహ్రమ్‌లే. ఒకప్పుడు భార్యాభర్తలం కదా అని గదిలో కూర్చుని మాట్లాడుకోవడం కుదరదు. నలుగురూ తిరిగే చోటు చూసుకోండి, ఆమె వైపు నుంచి ఒక ఆపానో తమ్ముడో రెండు టేబుళ్ల అవతల ఉంటే చాలు. ఒకరు గుంటూరు, ఒకరు బెజవాడ అయితే మంగళగిరిలో కలవడం మంచిది. ఎవరి ఊళ్లోనూ కాదు కాబట్టి ఎవరి చుట్టాలూ ఎదురుపడరు. మాటకి గంటన్నర చాలు. రాత్రి పదకొండు తర్వాత వాట్సాప్ ఆపేయండి, ఆ వేళప్పుడు వచ్చే ప్రేమ పొద్దున్నకి ఉండకపోవచ్చు.

మూడు సిట్టింగులు పెట్టుకోండి, మధ్య వారం పది రోజులు ఎడం ఉండాలి. మొదటిది విడిపోయిన కారణం గురించి మాత్రమే. రెండోది డబ్బు, ఇల్లు. మూడోది పిల్లలు, రెండు వైపులా పెద్దవాళ్లు. ఒకే సిట్టింగ్‌లో అన్నీ ముగించాలని చూస్తే మొదటి అంశం దగ్గరే ఏడుపొచ్చి మిగతావి "నీ ఇష్టం"తో తేలిపోతాయి. "నీ ఇష్టం" అన్నవే తర్వాత గొడవలవుతాయి.

కారణం గురించి మాట్లాడేటప్పుడు "నువ్వు మారావా" అని అడగకండి, అవునన్న జవాబు ఉచితంగా దొరుకుతుంది. జరిగిన పని గురించి అడగండి. బెట్టింగ్ అలవాటుతో విడిపోయి ఉంటే చివరిసారి ఎప్పుడు ఆడాడు, ఆ యాప్‌లు ఫోన్లో ఉన్నాయా, అప్పులెంత మిగిలాయి. క్రెడిట్ సంస్థలు ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇద్దరూ తీసి ఒకరిది ఒకరికి చూపించుకోండి. మొహమాటంగా ఉంటుంది, అయినా చూపించుకోండి. అందులో కనబడని చిట్టీలు, చేబదుళ్లు, మిర్చి యార్డు కమీషన్ కొట్లో రాయించుకున్న బాకీలు వేరే కాగితం మీద రాయండి. ఆమె వైపు నుంచి కూడా, ఈ మధ్యలో పుట్టింటి కోసం తీసుకున్న లోన్లుంటే అవీ చెప్పాలి.

బంగారం లిస్టు గ్రాముల్లో రాయండి. ఏది ఎవరింట్లో ఉంది, ఏది తాకట్టులో ఉంది, తాకట్టు ఎవరు విడిపిస్తారు, ఏ నెలలోగా. మొదటి నిఖా మహర్ ఇవ్వకుండా మిగిలి ఉంటే అది అప్పు. ఆమె ఖులాలో వదులుకుని ఉంటే తప్ప కొత్త నిఖాతో అది మాఫీ కాదు. జోడా పైసా (పెళ్లికొడుక్కి ఇచ్చే కట్నం డబ్బు) మాట రెండోసారి ఎత్తితే ఆ సిట్టింగ్ అక్కడితో ముగించండి. ఇది మా పట్టుదల అనుకోండి.

ఇల్లు. విడిపోయిన కారణాల్లో అత్తగారి వంటిల్లు ఉంటే, కలిసే షరతుల్లో అది మొదటి వరసలో ఉండాలి. భార్యకి తలుపు గడియపడే విడి గది, విడిగా వండుకునే వీలు హక్కుగా దక్కాలని హనఫీ ఫిఖ్ చెబుతుంది. వించిపేట సందుల్లో మూడంతస్తుల ఇంట్లో పై పోర్షన్ విడిగా ఇస్తామన్నా సరిపోతుంది, మెట్లు, మీటరు విడిగా ఉంటేనే. మీటరు ఒకటే అయితే కరెంటు బిల్లు దగ్గర ప్రతి నెలా పాత గొడవ తిరిగొస్తుంది.

ఈ రెండో సిట్టింగ్ నుంచి మధ్యవర్తుల్ని పెట్టుకోవచ్చు. 4:35 ఆయత్ చెప్పింది ఆమె వైపు నుంచి ఒకరు, అతని వైపు నుంచి ఒకరు. ఒక్కొక్కరే. పన్నెండు మంది పెద్దమనుషులతో ఇషా (రాత్రి నమాజు) తర్వాత మసీదు మేడ మీద పెట్టే పంచాయితీల్లో భార్యాభర్తలు తప్ప అందరూ మాట్లాడతారు. ఇద్దర్నే ఎంచుకోండి. అప్పట్లో గొడవ పెంచినవాళ్లు ఎవరో మీకు తెలుసు కదా, వాళ్లు వద్దు.

పిల్లలకి నిఖా తేదీ ఖరారయ్యేదాకా మాటివ్వకండి. "అబ్బా మళ్లీ వస్తున్నారు" అని చెప్పి రెండు నెలల తర్వాత "రావట్లేదు" అనడం, మొదట విడిపోయినప్పటి కంటే గట్టి దెబ్బ. పిల్లల చేత ఒకరి మాట ఒకరికి చెప్పించొద్దు.

ఆమె అన్నదమ్ములు ఒప్పుకోకపోతే? ఎక్కువసార్లు ఆగిపోయేది ఇక్కడే, వాళ్ల కోపానికి కారణమూ ఉంటుంది. వాళ్లకి 2:232 చూపించండి. మఅఖిల్ బిన్ యసార్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) చెల్లెలికి భర్త తలాఖ్ ఇచ్చాడు, ఇద్దత్ గడిచాక మళ్లీ అడగడానికి వచ్చాడు. మఅఖిల్ మండిపడి, ఇక నీకిచ్చేది లేదన్నాడు. ఇద్దరూ మంచిగా ఒప్పుకున్నప్పుడు ఆడవాళ్లని వాళ్ల భర్తల్ని పెళ్లాడకుండా ఆపొద్దన్న ఆయత్ అప్పుడు దిగిందనీ, మఅఖిల్ ఒప్పుకుని చెల్లెల్ని మళ్లీ ఇచ్చాడనీ బుఖారీ హదీసు. ఈ సంగతి వాళ్లకి వాట్సాప్‌లో పంపకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. చెప్పేది కూడా భర్త కాదు, మసీదు ఇమామో, వాళ్లు గౌరవించే చాచానో చెప్పాలి.

కేసులు నడుస్తుంటే

"కేసు తీసేస్తే తీసుకెళ్తాం", "తీసుకెళ్తే కేసు తీసేస్తాం". ఈ వాదనకి అంతు ఉండదు. ఏది ముందో మధ్యవర్తుల దగ్గరే రాయించుకోండి. మనోవర్తి కేసు, పిల్లల కస్టడీ కేసు ఫ్యామిలీ కోర్టులో ఉంటే ఇద్దరి లాయర్లూ కలిసి రాజీ మెమో వేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాయించుకుంటే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 498ఎ కేసు (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టేది) పాతదైతే, రాష్ట్ర సవరణ వల్ల మన దగ్గర కోర్టు అనుమతితో రాజీకి వీలుండేది, అర్జీ పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలన్న షరతుతో. 2024 జూలై 1 నుంచి జరిగిన వాటికి కొత్త భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వర్తిస్తుంది. వాటిని కొట్టేయించుకోవడానికి నేలపాడులోని హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు, లాయరుని అడిగి నెలల లెక్క వేసుకోండి. లాయరు ఫీజు లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కార్యాలయం ఉంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబరు 15100.

కొట్టినందుకు పెట్టిన కేసైతే నిఖా తర్వాత కూడా కొన్నాళ్లు నడవనివ్వండి. తొందర అతనిదైతే ఎందుకో అడగండి.

మహర్, షరతులు, నిఖా రోజు

మహర్ రూపాయల్లో రాయకండి. మొదటి నిఖాలో రాసిన పాతిక వేలు ఇవాళ దేనికీ రాదని మీకే తెలుసు. బంగారం గ్రాముల్లో రాయండి. హనఫీల్లో కనీస మహర్ పది దిర్హమ్‌లు, అంటే సుమారు 30.6 గ్రాముల వెండి. మహరే ఫాతిమీ అంటే సుమారు 1,531 గ్రాముల వెండి, పాత తులాల లెక్కలో 131 చిల్లర. ఆ మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు, దాటినా తప్పు లేదు. ఇవ్వగలిగేదే రాయండి, వీలైతే ఆ రోజే చేతికివ్వండి.

నిఖానామాలో ఒక తిరకాసు ఉంది. వెంటనే ఇచ్చే మహర్‌నీ, తర్వాత ఇచ్చే మహర్‌నీ ఉర్దూలో రెండు వేర్వేరు అక్షరాలతో రాస్తారు గానీ, వినడానికి రెండూ దాదాపు ముఅజ్జల్ లాగే ఉంటాయి. తెలుగులో రాస్తే తేడా అసలే పోతుంది. కాబట్టి పక్కనే తెలుగులో "వెంటనే ఇచ్చేది ఇంత, ఫలానా తేదీలోగా ఇచ్చేది ఇంత" అని రాయించండి.

షరతులకి వేరే కాగితం జత చేయించుకోవచ్చు. ఉద్యోగం మానిపించకూడదు, విడి పోర్షన్ ఉండాలి, వాటిని తప్పితే ఆమె తనకి తాను తలాఖ్ ఇచ్చుకునే హక్కు (తఫ్‌వీజ్) ఉంటుంది, ఇలా. కొంతమంది ఖాజీలు తఫ్‌వీజ్ రాయడానికి మొహం చిట్లిస్తారు, కానీ హనఫీ ఫిఖ్‌లో అది పాత విషయమే. నిఖాకి రెండు వారాల ముందే ఖాజీకి ఆ కాగితం చూపించండి. పెళ్లి రోజున తీస్తే గొడవే.

ఖాజీ దగ్గరికి తీసుకెళ్లాల్సినవి: ఇద్దరి ఆధార్, ఫొటోలు, పాత నిఖానామా, తలాఖ్ లేదా ఖులా కాగితం, కోర్టు డిక్రీ ఉంటే దాని నకలు, ఫత్వా ఉంటే అది. పాత కాగితం పోయిందంటే అప్పట్లో నిఖా చదివించిన ఖాజీ రిజిస్టరులో నకలు అడగండి.

నిఖాకి కావాల్సింది ఒకే సిట్టింగ్‌లో ఈజాబ్ (పెళ్లి ప్రతిపాదన), ఖబూల్ (ఒప్పుకోలు), ఇద్దరు ముస్లిం మగ సాక్షులు, లేదా హనఫీల్లో ఒక మగ, ఇద్దరు ఆడ సాక్షులు. మసీదులో అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత, ఇరవై మంది మధ్య, ఖర్జూరాలు పంచి ముగించండి. షాదీఖానా బుక్ చేయకండి. రెండోసారి ఆర్భాటం చేస్తే మొదటిసారి సంగతులన్నీ భోజనాల బంతిలో తిరిగొస్తాయి. సఫర్ నెలలో పెళ్లి కూడదంటారు, షరియత్‌లో అలాంటిదేమీ లేదు.

వకీలు (లాయరు కాదు, నిఖాలో ఒకరి తరఫున మాట్లాడే మనిషి), సాక్షులు ఆమె ఒప్పుదల అడగడానికి వెళ్లినప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. మొదటి పెళ్లిలో ఆడపిల్ల తల దించుకుని మౌనంగా ఉన్నా ఒప్పుకున్నట్టే లెక్క. ఒకసారి పెళ్లయిన స్త్రీ విషయంలో ఆ మౌనం చెల్లదు, నోటితో చెప్పాలి. పక్కన ఉన్న ఖాలాలు "ఒప్పుకుంది, ఒప్పుకుంది" అంటే సరిపోదు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలైతే, దూదేకుల ఇళ్లలో ఎక్కువగా ఇలాగే ఉంటుంది, తెలుగులోనే అడగమనండి. ఈజాబ్, ఖబూల్ ఏ భాషలోనైనా అవుతాయి, అర్థమవడమే ముఖ్యం.

అతను దుబాయ్‌లోనో, సౌదీలోనో ఉంటే వీడియో కాల్‌లో ఖబూల్ చెప్పించడం సరిపోదని హనఫీ ముఫ్తీలు అంటారు. అతను ఇక్కడున్న ఒకరిని వకీలుగా పెట్టాలి. ఆ వకీలు సాక్షుల ఎదుట "అతని తరఫున ఖబూల్" అంటే నిఖా అవుతుంది.

తర్వాత

నిఖానామా నకళ్లు రెండు తీసుకోండి, ఒకటి ఆమె దగ్గర, ఒకటి అతని దగ్గర. రాష్ట్రం చేసిన 2002 చట్టం ప్రకారం పెళ్లి నమోదు తప్పనిసరి, ఎక్కడ చేయించాలో మీ సచివాలయంలో అడిగితే చెబుతారు. ఆమె ఒంటరి మహిళ పింఛను తీసుకుంటుంటే నిఖా తర్వాత ఆ అర్హత ఉండదు. మీరే వెళ్లి ఆపించుకోండి, తర్వాత వెనక్కి కట్టమంటే కష్టం. రేషన్ కార్డులో, పిల్లల స్కూల్లో, బ్యాంకు నామినీల్లో మార్పులు మొదటి నెలలోనే చేయించండి.

మొదటి మూడు నెలలు రెండు వైపుల ఇళ్లలో రాత్రి బసలు తగ్గించండి. జుమా రోజు ఒకసారి అత్తగారింటికి, ఆదివారం పుట్టింటికి, భోజనం చేసి వచ్చేయడమే. పాత వాట్సాప్ గొడవల స్క్రీన్‌షాట్లు ఇద్దరూ ఒకేసారి, ఒకరి ఎదురుగా ఒకరు తీసేయండి. కేసులు ఇంకా ముగియకపోతే మాత్రం లాయరుని అడక్కుండా ఏదీ తీసేయొద్దు. కొట్టిన ఆనవాళ్లు, వైద్యం కాగితాలు ఎప్పటికీ ఉంచుకోవాల్సినవే.

నిఖానామా నకలు వెనక పెన్సిల్‌తో ఒక అంకె వేసుకోండి, మిగిలిన తలాఖ్‌లు ఎన్నో. ఆ ఇద్దరు మధ్యవర్తుల నంబర్లు కూడా అక్కడే రాసి పెట్టండి. గొడవ ముదిరి, ఆ మాట నాలుక చివరికొచ్చిన రోజు, చెప్పులేసుకుని బయటికెళ్లి ముందు ఫోన్ చేయాల్సింది వాళ్లకే.